చర్చ: ఇటాలియన్‌లో ‘చాలా బాగుంది’ అనడానికి ‘త్రోప్పో బెల్లో’ వాడితే తప్పేనా?

పాదువా_పిల్ల: కొత్త ఇల్లు గురించి ఫ్రెండ్‌కి మెసేజ్ రాయమన్న ప్రశ్నకి ‘త్రోప్పో బెల్లా’ అని రాస్తే, మా టీచర్ కొట్టేసి ‘మోల్తో’ అని దిద్దారు. మార్కు పోయింది. ఇక్కడ మా రూమ్మేట్లు పొద్దస్తమానం త్రోప్పో అనే అంటారు. ఇదేం న్యాయం?

వ్యాకరణ_వీరుడు: న్యాయమే. త్రోప్పో అంటే మితిమీరడం. కాఫీలో చక్కెర ఎక్కువైతే ‘త్రోప్పో దోల్చే’. బాగా అని చెప్పాలంటే మోల్తో ఉంది, లేదా చివరి అచ్చు తీసేసి ఇస్సిమో చేర్చాలి: బెల్లో, బెల్లిస్సిమో. స్త్రీలింగమైతే బెల్లిస్సిమా. రెండూ కలిపి ‘మోల్తో బెల్లిస్సిమా’ అన్నా తప్పే.

బొలోన్యా_బాబాయ్: నేను హోటల్ వంటింట్లో నేర్చుకున్నా. మా షెఫ్ నోట ఇస్సిమో వినడమే అరుదు. జనం కిక్కిరిస్తే ‘స్త్రాప్యేనో’ అంటాడు, ముందు స్త్రా తగిలిస్తే చాలు. అలిసిపోతే ‘స్తాంకో మోర్తో’, చచ్చేంత అలసట అని. వానలో ముద్దయితే ‘బాన్యాతో ఫ్రాదిచో’. ఇవన్నీ వదిలేసి మోల్తో పట్టుకు వేలాడితే ఎలా?

అత్తరు_సాయిబు: మన మెల్లమెల్లగా లాగే వాళ్ళకీ ‘ప్యానో ప్యానో’ ఉంది. తెలుగూ ఇటాలియనూ అచ్చులతో ముగిసే అజంత భాషలన్న ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తకండి, దండం పెడతా.

వ్యాకరణ_వీరుడు: నా పాయింట్ ఒక్కటే. ఇస్సిమో విశేషణాలకీ, బేనే (బాగా) లాంటి క్రియావిశేషణాలకీ వస్తుంది. నామవాచకానికి తగిలించి ‘ఆఉగురిస్సిమి’ అని శుభాకాంక్షలు పంపేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

బొలోన్యా_బాబాయ్: నామవాచకానికి రాదా? 5 సార్లు జీరో దితాలియా, 1949లో, 1952లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులు గెలిచిన ఫౌస్తో కొప్పీని ఇటలీ అంతా ‘కాంపియోనిస్సిమో’ అనే పిలిచింది కదండీ. కాంపియోనే అంటే చాంపియన్, నామవాచకం కాదా?

వ్యాకరణ_వీరుడు: అది బిరుదు. మినహాయింపు.

బొలోన్యా_బాబాయ్: మరి ‘ఫినాలిస్సిమా’, అంటే అసలు సిసలు ఫైనల్? అదీ బిరుదేనా? మీకు నచ్చనిదల్లా మినహాయింపే!

వ్యాకరణ_వీరుడు: మీకు సర్టిఫికెట్ అవసరం లేదు కాబట్టి ఎన్నైనా చెప్తారు. నేను గలగలా మాట్లాడి కూడా రాతలో ఫెయిలయ్యా. అడ్మిషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది. మీ షెఫ్ వచ్చి ఇప్పిస్తాడా?

బొలోన్యా_బాబాయ్: సర్టిఫికెట్ లేదనేగా మీకింత చులకన. మొన్న మనవాళ్ళ గెట్ టుగెదర్‌లో ఒకాయన నా ఇటాలియన్‌ని ‘గిన్నెల భాష’ అన్నాడు. అదే భాషతో వాళ్ళావిడని హాస్పిటల్లో చేర్పించింది నేను.

అత్తరు_సాయిబు: గొడవ ఇస్సిమో గురించి కాదన్నమాట.

పాదువా_పిల్ల: అన్నా, బాబాయ్, నా మార్కు సంగతి?

బొలోన్యా_బాబాయ్: ఫ్రెండ్‌కి మెసేజే కదమ్మా, వెళ్ళి గట్టిగా అడుగు.

వ్యాకరణ_వీరుడు: అడక్కు. వచ్చే పరీక్షా ఆవిడే దిద్దుతారు.