క్రికెట్‌లో "అప్పీల్"కి మన మాట "అడగడం" చాలదా?

నిన్న గ్రూపులో ఒకరు క్రికెట్ అప్పీల్‌కి, అంటే ఔటివ్వమని ఫీల్డింగ్ వాళ్ళు అంపైర్‌ని అడగడానికి, తెలుగు మాట ఏంటని అడిగితే కింద మొర, విన్నపం, అభ్యర్థన అని వరసగా వచ్చాయి. నాకైతే ఏదీ కుదిరినట్టు అనిపించలేదు, అందుకే విడిగా రాస్తున్నా.

నాకు చిన్నప్పట్నుంచీ క్రికెట్ అంటే ప్రాణం, అందులోనూ స్కోర్లకంటే రూల్సు ఎక్కువ ఇష్టం, వాటన్నిట్లో 31వ రూలు మరీ ఇష్టం. అదేం చెప్తుందంటే, ఫీల్డింగ్ వాళ్ళు అడగకపోతే అంపైర్ ఔట్ ఇవ్వకూడదు. బ్యాటర్ నిజంగా ఔటైనా సరే, అంపైర్ కళ్ళారా చూసినా సరే. "అడగందే అమ్మైనా పెట్టదు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు కదా, సరిగ్గా ఇదే రూలు. ఔటయ్యానని తెలిసిన బ్యాటర్ తనంతట తను వెళ్ళిపోవచ్చని కూడా అదే రూల్లో ఉంది, అందుకే క్లీన్ బౌల్డ్ అయితే మామూలుగా ఎవరూ అడగక్కర్లేకుండానే వెళ్ళిపోతాడు. ఎల్బీ (వికెట్లకి తగలాల్సిన బంతికి కాలు అడ్డం పడటం), కీపర్ క్యాచ్, స్టంపింగ్, రనౌట్ దగ్గరే అసలు సంగతంతా.

ఇది రూలుబుక్కులో పడున్న ముక్క అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ టీ20లో అల్జారీ జోసెఫ్ క్రీజు చేరకముందే బౌలర్ స్పెన్సర్ జాన్సన్ వికెట్ల మీది బెయిల్స్ పడగొట్టాడు, పెద్ద స్క్రీన్ మీద రీప్లేలో ఔటని అందరికీ కనిపించింది కూడా, కానీ ఎవరూ అడగలేదని అంపైర్ ఇవ్వలేదు. ఆస్ట్రేలియా వాళ్ళు మేం అడిగామని ఎంత వాదించినా నాటౌటే.

ఆ అడిగే మాటే "హౌ ఈజ్ దట్", మన వీధుల్లోకొచ్చేసరికి ఔజాట్. అరుపులా వినిపిస్తుంది గానీ అది ప్రశ్న, "ఇదేంటి, ఔటా కాదా, చెప్పండి" అని. ఒక్క ఔజాట్‌లో అన్ని రకాల ఔట్లూ వచ్చేస్తాయి, క్యాచ్ అనుకుని అరిచినా అది ఎల్బీ అయితే అంపైర్ ఎల్బీ ఇవ్వొచ్చు. కాకపోతే తర్వాతి బంతికి బౌలర్ రనప్ మొదలెట్టే లోపే అడగాలి.

ఇక అడిగింది వెనక్కి తీసుకోవడం కూడా ఉంది, అంపైర్ ఒప్పుకుంటే కెప్టెన్ తీసుకోవచ్చు. 1980 బొంబాయి జూబిలీ టెస్టులో ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ని అంపైర్ ఔటిస్తే మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు, తర్వాత టేలర్, బోథమ్ పాతుకుపోయారు, మనం 10 వికెట్ల తేడాతో ఓడాం. ఓడినా ఆ పిలుపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం, నా దృష్టిలో విశ్వనాథ్ కొట్టిన సెంచరీలకి ఏమాత్రం తీసిపోదు అది. 2011లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ రనౌట్ విషయంలో ధోనీ చేసింది కూడా ఇదే.

2023 వరల్డ్ కప్‌లో ఢిల్లీలో శ్రీలంక బ్యాటర్ ఏంజెలో మాథ్యూస్ టైమ్డ్ ఔట్ (టైముకి బ్యాటింగ్‌కి సిద్ధం కాలేదని ఇచ్చే ఔట్) గుర్తుందా, అక్కడ బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ చేసింది అడగడం, మాథ్యూస్ వెళ్ళి షకీబ్‌ని బతిమాలింది విన్నపం. రెండూ ఒకటి కాదు. ఫీల్డింగ్ వాళ్ళు ఎవర్నీ వేడుకోరు, వాళ్ళ హక్కు కాబట్టి అడుగుతారు. అందుకే మొర, విన్నపం ఒప్పుకోను నేను. మా వీధిలో "ఎల్బీ అడిగార్రా", "క్యాచ్ అడగలేదు" అనేవాళ్ళం, ఎవరికైనా అర్థమయ్యేది.

జవాబు:
బాగా చెప్పారండీ. నాదో మాట, మనకి అప్పీలు అంటే కోర్టు మాట, కింది కోర్టు తీర్పు నచ్చకపోతే పైకి వెళ్ళడం. క్రికెట్‌లో అప్పీల్ తీర్పుకి ముందే వస్తుంది. ఆ లెక్కన మన తెలుగు అర్థంలో అసలు అప్పీలు అంటే రివ్యూనే, అంపైర్ చెప్పాక 15 సెకన్లలో చేతులతో టీ గుర్తు చూపించి థర్డ్ అంపైర్ దగ్గరికి వెళ్ళేది.

జవాబు:
అన్నా, పేపర్లో "అడిగారు" అని రాస్తే బలం రాదు. "వికెట్ల ముందు దొరికిపోయాడు" లాంటిది ఎంత బాగుంటుంది, ఎల్బీ అన్న మాటే లేకుండా ఎల్బీ కనిపిస్తుంది. దీనికీ అలాంటిది పుట్టాలి.

జవాబు:
మా గల్లీలో అంపైరింగ్ చేసేది బ్యాటింగ్ వాళ్ళే కాబట్టి గట్టిగా అడగకపోతే ఏదీ వచ్చేది కాదు 😀 ఔట్ కాదని తెలిసీ అడిగితే మాత్రం "తొండి" అనేవాళ్ళం. తొండి అప్పీల్ అంటే చాలు, వివరించక్కర్లేదు.

పోస్ట్ పెట్టినవారు:
తొండి మాట గుర్తుచేసినందుకు చాలా థాంక్సండీ, నేను మర్చిపోకూడని మాట అది. రివ్యూని అప్పీలు అనడం కూడా నాకు నచ్చింది. తమ్ముడూ, బలం కావాలంటే "గట్టిగా అడిగారు", "అందరూ ఒక్కసారిగా అడిగారు" అని రాయొచ్చు కదా, ఏం తక్కువైంది చెప్పు. మీ ఊళ్ళల్లో ఔజాట్‌ని ఎలా పలికేవారో కూడా రాయండి, ఔజే అనేవాళ్ళు, ఉత్త "ఔటే" అని అరిచేవాళ్ళు ఉన్నారని విన్నా, ఏ జిల్లాలో ఏది అంటారో చూద్దాం.