వచ్చే మార్చిలో తమ్ముడి డిశ్చార్జ్: మాజీ సైనికుల కోటాకి ఇప్పుడే అప్లై చేయొచ్చా?

రామమూర్తినగర్ వాసి
మా తమ్ముడు ఆర్మీలో నాయక్. 17 ఏళ్ళ సర్వీసుతో, పెన్షన్ వచ్చాక, సొంత కోరికమీద మార్చి 31న బయటికొస్తున్నాడు. అప్పటికి వయసు 37. చదువు ఇంటర్. సొంతూరు చిత్తూరు జిల్లా, బీసీ. పిల్లల బడి బెంగళూరులోనే కాబట్టి ఇక్కడే ఉండాలి. డిశ్చార్జ్ అయ్యేదాకా ఆగాలా? వయసు దాటిపోయినట్టేనా? డిగ్రీ లేకుండా క్లర్కు ఉద్యోగాలు కుదురుతాయా? ముందు ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్, ఆఫీసుల్లో కింది స్థాయి ఉద్యోగం) వస్తే చేరిపొమ్మని కొందరంటున్నారు. చేరొచ్చా?

జాలహళ్ళి ఈస్ట్
ఆగొద్దండీ. అప్లికేషన్ ఆఖరు తేదీ నుంచి ఏడాదిలోపు సర్వీసు ముగిసేవాళ్ళు కేంద్ర ఉద్యోగాలకి మాజీ సైనికుల కోటాలోనే వేసుకోవచ్చు. ఫలానా తేదీకి సర్వీసు పూర్తవుతుందని కమాండింగ్ ఆఫీసరు సర్టిఫికెట్ ఇవ్వాలి. నోటిఫికేషన్ చివర్లో నమూనా ఉంటుంది, అచ్చంగా దానిలోనే రాయించుకోండి. సొంత కోరికమీద వస్తున్నా పెన్షన్ ఉంది కాబట్టి హోదాకి ఇబ్బంది లేదు.

వయసు లెక్క ఇలా: 37లోంచి సర్వీసు 17 తీసేస్తే 20. ఈ మిగిలిన అంకె ఆ పోస్టు గరిష్ఠ వయసు మీద మూడేళ్ళకి మించి ఎక్కువ ఉండకూడదు. ఇంటర్ స్థాయి స్టాఫ్ సెలెక్షన్ పరీక్షకి పరిమితి 27, అంటే మీవాడికి 30 దాకా. ఎక్కువమంది పొరబడేది దీని తర్వాతే. సర్వీసు డిశ్చార్జ్ రోజున ఆగిపోతుంది, వయసు మాత్రం ఏటా పెరుగుతుంది. ఈ 20 పదేళ్ళలో 30 అవుతుంది. పదిహేనేళ్ళు ప్రైవేటులో చేసి వచ్చి కోటా అడిగితే దొరకదు.

డిగ్రీ సంగతి: పదో తరగతి పాసై, 15 ఏళ్ళ సర్వీసుతో పాటు ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉంటే బ్యాంకు క్లర్కుకి అర్హత ఉంటుంది. సాంకేతిక చదువు అక్కర్లేని కేంద్ర గ్రూప్ సి పోస్టుల్లోనూ డిగ్రీతో సమానంగా చూస్తారు. గ్రూప్ బికి అది పనికిరాదు. సర్టిఫికెట్ మీది తేదీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి ముందుదై ఉండాలి. యూనిట్‌లో ఉండగానే తీసుకోమనండి.

కేఆర్ పురం రైటర్
ఎంటీఎస్ గురించి నేను చెబుతాను, అసలు మెలిక దానిలోనే ఉంది. కోటా వాడుకొని కేంద్ర ప్రభుత్వంలో రెగ్యులర్ పోస్టులో చేరితే ఆ కోటా అక్కడితో అయిపోతుంది. తర్వాత మంచి క్లర్కు నోటిఫికేషన్ వచ్చినా మళ్ళీ ఆ రిజర్వేషన్ ఉండదు. మినహాయింపు ఒకటుంది. చేరకముందే వేసిన అప్లికేషన్లకి కోటా నిలుస్తుంది, కానీ చేరిన వెంటనే ఏ పోస్టుకి ఏ తేదీన వేశాడో వివరంగా రాసి ఆఫీసులో డిక్లరేషన్ ఇవ్వాలి. 2014 ఆగస్టు 14 నాటి డీఓపీటీ (కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ) ఉత్తర్వు ఇదే చెబుతోంది. ఆ కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు వేయించి ఒక నకలు దగ్గర పెట్టుకోవాలి. ఇది తెలియక ఎందరో చేతిలో ఉన్న అవకాశం పోగొట్టుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది. కాబట్టి చేరే ముందే వీలైనన్ని చోట్ల అప్లై చేసేయాలి. ప్రైవేటు సెక్యూరిటీ ఉద్యోగంతో కోటా పోదు.

ఇక పేరు. డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉండడం మనవాళ్ళకి మామూలే. సర్టిఫికెట్ల పరిశీలనలో దానిమీదే ఆపేస్తారు. సర్వీసులో ఉండగా పార్ట్ టూ ఆర్డర్‌తో, అంటే సర్వీసు రికార్డులో మార్పులకి యూనిట్ ఇచ్చే ఉత్తర్వుతో, సరిచేసుకోవచ్చు. బయటికొచ్చాక రికార్డ్ ఆఫీసుతో ఉత్తరాలు నడపాలి, నెలలు పడుతుంది.

హోసకోట బస్సు
బెంగళూరులోనే కావాలంటే భాష చూసుకోండి. బ్యాంకు క్లర్కు పోస్టులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. కర్ణాటక ఎంచుకుంటే కన్నడం చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. పదో తరగతిలో కన్నడం చదివిన ఆధారం లేకపోతే పరీక్ష పెడతారు. మాట్లాడగలిగినా లిపి దగ్గర ఇబ్బంది పడతారు. రోజుకో గంట చొప్పున ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఆంధ్రా బీసీ సర్టిఫికెట్ కర్ణాటక రాష్ట్ర ఉద్యోగాలకి చెల్లదు, జనరల్ కింద వేయాలి. కేంద్ర ఉద్యోగాలకైతే కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ సొంత మండలం తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి. ముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ హెచ్ఏఎల్, బీఈఎల్ లాంటి కేంద్ర సంస్థల గ్రూప్ సిలో మాజీ సైనికుల వాటా 14.5 శాతం, కేంద్ర ప్రభుత్వ శాఖల్లో 10 శాతం. అందుకే వాటి వెబ్‌సైట్లు వారానికోసారి చూడడం మేలు. స్థానికంగా ఏ సందేహమున్నా రెసిడెన్సీ రోడ్డులో ఫీల్డ్ మార్షల్ కరియప్ప భవన్‌లో సైనిక సంక్షేమ శాఖ ఉంది.

రామమూర్తినగర్ వాసి
చాలా థాంక్స్ అందరికీ. ట్రైనింగ్ ఏమైనా ఇప్పిస్తారా?

జాలహళ్ళి ఈస్ట్
పునరావాస డైరెక్టరేట్, అదే డీజీఆర్, కోర్సులున్నాయి. జవాన్లకి ఫీజు లేదు, యూనిట్ ద్వారానే పేరు పంపాలి. కొన్ని 24 వారాలు. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేస్తే అక్టోబరు మధ్యకి వస్తుంది, డిశ్చార్జ్ డ్రిల్లుకీ (బయటికొచ్చే ముందు పూర్తిచేసే కాగితాల పనికీ) రోజులు కావాలి కాబట్టి సెప్టెంబరులో మొదలయ్యే బ్యాచ్ చూసుకోమనండి.