చదవడం ఎలాగో నేర్పే ట్యూషన్ సెంటర్‌ను ఎలా గుర్తించాలి?

ప్రశ్న

నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్లు. చదువంటే మొరాయించే పిల్లవాడు కాదు. రోజూ సాయంత్రం రెండు గంటలకు తక్కువ కాకుండా పుస్తకం ముందు కూర్చుంటాడు, పాఠాన్ని రెండు మూడు సార్లు చదువుతాడు, పసుపు రంగు హైలైటర్‌తో పేజీలన్నీ నింపేస్తాడు. అయినా పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చూసేసరికి సగం గుర్తుకు రావడం లేదంటాడు. మొన్న సైన్సు పరీక్షకు ముందు రోజు రాత్రి నేను పుస్తకం మూసి, కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో నీ మాటల్లో చెప్పమని అడిగాను. మొదటి వాక్యం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. తీరా చూస్తే ఆ పేజీలో రంగు పడని లైను ఒక్కటీ లేదు. చదవడం ఎలాగో వాడికి మేమెవరమూ నేర్పలేదని అప్పుడు అర్థమైంది.

రెండు ట్యూషన్ సెంటర్లు చూసి వచ్చాను. ఒకచోట వారానికి ఐదు రోజులు, ఒక్కో బ్యాచ్‌లో ముప్పై మంది. బడిలో చెప్పిన పాఠాన్నే మళ్లీ చెప్పి, వారానికొకసారి పరీక్ష పెడతారు. రెండోచోట వారానికి రెండు రోజులే, నలుగురైదుగురు పిల్లలే. కొత్తగా పాఠాలేమీ చెప్పబోమని, ఉన్న పాఠాన్ని ఎలా చదువుకోవాలో నేర్పిస్తామని అన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ, అది నిజంగా జరుగుతుందో లేదో నేను ఎలా తెలుసుకోవాలి? చేర్పించే ముందు ఏమేమి అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (గణిత ఉపాధ్యాయుడు)

మీ అబ్బాయి విషయంలో మీరు గమనించింది సరైనదేనని నా అభిప్రాయం. పదే పదే చదివినప్పుడు పాఠం కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటునే పిల్లలు ‘వచ్చేసింది’ అనుకుంటారు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు, మరికొందరు ఒక్క విడత చదివి, ఆ తరువాత మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే చదివినవారే ముందున్నారు, కానీ వారం తరువాత అడిగితే వారికి సుమారు 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవారికి సుమారు 61 శాతం గుర్తుంది. పరీక్ష ముందు రోజు రాత్రి అంతా వచ్చినట్టే అనిపించి, తరువాత చెయ్యిచ్చేది ఇందువల్లనే. 2013లో జాన్ డన్లోస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పది రకాల చదువు పద్ధతులను సమీక్షించినప్పుడు కూడా, తమను తాము పరీక్షించుకోవడం, కొద్దికొద్దిగా రోజుల తరబడి విడదీసి చదవడం అనే రెండింటికీ పైస్థానం ఇచ్చి, గీతలు గీయడాన్నీ తిరిగి చదవడాన్నీ కింది వరుసలో పెట్టింది.

కాబట్టి సెంటర్‌కు వెళ్లినప్పుడు, ఒక్క గంట వెనక బెంచీలో కూర్చుని చూడనిమ్మని అడగండి. గోడల మీది ఫొటోలనూ మార్కుల పట్టికలనూ పక్కన పెట్టి, ఆ గంటలో కలం ఎవరి చేతిలో ఎంతసేపు ఉన్నదో చూడండి. టీచరు బోర్డు నింపుతూ ఉంటే, పిల్లలు దాన్ని ఎక్కించుకుంటూ ఉంటే, అక్కడ మీ అబ్బాయికి ఇంట్లో జరుగుతున్నదే మరో రెండు గంటలు జరుగుతుంది.

మొదటి సెంటర్‌ను వారానికొక పరీక్ష పెడతారన్న కారణంగా తీసిపారేయవద్దు. పరీక్ష మంచి సాధనమే. దిద్దిన పేపరు ఏమవుతుందో అడగండి. ర్యాంకు చదివి కట్ట కట్టేస్తే ఆ పరీక్ష వృథా. తప్పు చేసిన ప్రతి ప్రశ్ననూ ఎందుకు తప్పిందో పిల్లవాడి చేతనే రాయించి, రెండు వారాల తరువాత అదే రకం ప్రశ్నను మళ్లీ ఇస్తే, అది చేర్పించదగిన సెంటర్. నేను నా విద్యార్థుల చేత తప్పుల కోసం విడిగా ఒక నోటుబుక్ పెట్టిస్తాను. ‘ప్లస్, మైనస్ గుర్తు మారింది’, ‘ప్రశ్న సగమే చదివాను’, ‘సూత్రం తెలియదు’ అని పక్కన రాస్తారు. నెల గడిచేసరికి ఎవరి జబ్బు ఏమిటో వారికే కనిపిస్తుంది.

లెక్కల విషయంలో ఇంకొక మాట. ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చేయించే చోట పిల్లలు చకచకా చేసేస్తారు, తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో అలా చేసినవారు వారం తరువాత పెట్టిన పరీక్షలో 20 శాతం తెచ్చుకుంటే, రకరకాల లెక్కలు కలిపి అభ్యాసం చేసినవారు 63 శాతం తెచ్చుకున్నారు. అభ్యాసం చేసేటప్పుడు మాత్రం కలిపి చేసినవారే ఎక్కువ తడబడ్డారు. అందువల్ల తరగతిలో కొంత తడబాటు కనిపిస్తే బెదరకండి.

రెండో సమాధానం (ఒక తల్లి)

మా అమ్మాయిని మేము చాలా పేరున్న ఒక సెంటర్‌లో చేర్పించాము. హోంవర్కు అక్కడే పూర్తయ్యేది, ఒక్క తప్పూ ఉండేది కాదు, మేమెంతో సంతోషించాము. ఏడాది తరువాత మానిపించిన వారానికే తెలిసింది, పక్కన ఎవరో ఒకరు ‘తరువాత ఏం చేయాలి?’ అని అందించకపోతే మా అమ్మాయి ఒక్క లెక్కను కూడా మొదలుపెట్టలేకపోతున్నదని. ఆ రోజు తాను కాగితం ముందు కూర్చుని నా ముఖంలోకి చూసిన చూపు నాకింకా గుర్తుంది. అందుకే చెబుతున్నాను, ‘మా పిల్లవాడికి మీ అవసరం ఎప్పటికి తీరుతుంది, సాయాన్ని మీరు ఎలా తగ్గిస్తూ వస్తారు?’ అని వారిని మొదటి రోజే అడగండి. దానికి జవాబు లేని సెంటర్ వద్దు. మొదట ఒకటి రెండు నెలలకే ఫీజు కట్టండి. ఏడాదికి ఒకేసారి కట్టేస్తే, కట్టిన డబ్బు కోసమైనా కొనసాగించాలనిపిస్తుంది, మాకు జరిగింది అదే.

వారానికి ఐదు రోజులంటే నిద్ర ఎంత మిగులుతుందో కూడా లెక్క వేసుకోండి. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది.

మూడో సమాధానం (చిన్న బ్యాచ్‌లకు ట్యూషన్ చెప్పే వ్యక్తి)

మీ వాడు ‘చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా’ అని పరీక్ష చేసి చెబుతామని కొందరు అంటారు. అలా రకాలుగా విడదీసి చెబితే చదువు మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తేల్చింది. దానికి విడిగా డబ్బు కట్టనవసరం లేదు.

ఒక పేరా గట్టిగా చదివించి చూడండి. అక్షరాల దగ్గరే తడబడుతున్నా, లైను తప్పుతున్నా, ముందు కంటి వైద్యుడినీ, అవసరమైతే నేర్చుకోవడంలో ఇబ్బందులను పరీక్షించే నిపుణులనూ కలవాలి. అది ట్యూషన్‌తో తీరేది కాదు. అన్నిటికన్నా ముందు, రెండు సెంటర్లకూ మీ అబ్బాయిని వెంట తీసుకువెళ్లండి. పద్నాలుగేళ్ల పిల్లవాడు తాను ఒప్పుకోని చోట శరీరాన్ని మాత్రమే కూర్చోబెడతాడు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరమూ కలిసి రెండో సెంటర్‌లో ఒక గంట కూర్చుని వచ్చాము. టీచరు ఒక పేజీ చదివించి, పుస్తకాలు మూయించి, పిల్లలందరికీ తెల్లకాగితాలు ఇచ్చారు. మా వాడు నాలుగు లైన్లు రాసి ఆగిపోయాడు, పక్కనున్న అమ్మాయి కూడా ఆరో లైను దగ్గరే ఆగింది. తరువాత పుస్తకం తెరిచి, తాము వదిలేసినవి వేరే రంగుతో నింపుకున్నారు. సాయం ఎలా తగ్గిస్తారని అడిగితే, మూడో నెల నుంచి వారానికి ఒక్క రోజు చాలని, అప్పుడు ఇంట్లో రాసిన కాగితాలు తెచ్చి చూపిస్తే సరిపోతుందని చెప్పారు. ప్రస్తుతానికి రెండు నెలలకు చేర్పించాము. నిన్న రాత్రి మా వాడు నన్నేమీ అడగకుండానే పాత నోటుబుక్ వెనక నుంచి ఒక తెల్లకాగితం చింపుకుని గదిలోకి వెళ్లాడు.