పార్కిన్సన్స్ రోగికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పును ముందుగా చెప్పే పరీక్షల గురించి సలహా కావాలి

మాది ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి దగ్గరి పల్లె. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న మా నాన్నగారికి వణుకు మందులతో అదుపులోనే ఉన్నా, ఈ మధ్య కౌలు లెక్కలు తప్పుతున్నారు, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసురుతున్నారు.

వెన్నునీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో) అమిలాయిడ్ బీటా 42 అనే ప్రోటీన్ తక్కువగా ఉన్నవారిలోనూ, రక్తంలో న్యూరోఫిలమెంట్ లైట్ చెయిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవారిలోనూ, జీబీఏ జన్యువులో కొన్ని మార్పులు ఉన్నవారిలోనూ డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువని చదివాను. అయితే ఇవి ఎందరినో కలిపి చూసినప్పుడు తేలిన విషయాలే తప్ప, ఒక్క మనిషికి జాతకం చెప్పినట్టు చెప్పేవి కావని కూడా అర్థమైంది.

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ ఈ న్యూరోఫిలమెంట్ రక్తపరీక్షకు నమూనా తీసుకుని పంపే ల్యాబులు ఉన్నాయా? ఫలితం తెలిసినంత మాత్రాన వైద్యం ఏమైనా మారుతుందా? డెబ్బై దాటిన మనిషికి నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీయించడం కంటే, జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని ప్రశ్నలతో కొలిచే 30 మార్కుల మోకా (MoCA) పరీక్షను ఏటేటా చేయించి తేడా గమనించడమే మేలని నాకు అనిపిస్తోంది. ఇది సరైన ఆలోచనేనా? వణుకు తగ్గడానికి ఆయన వాడుతున్న ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర వల్ల వృద్ధుల్లో మతిమరుపు పెరగవచ్చని తెలిసింది గనుక, దాన్ని సొంతంగా ఆపకుండా డాక్టరుగారినే అడగబోతున్నాము. న్యూరాలజీ తెలిసినవారు, ఇంట్లో ఇలాంటి రోగిని చూసుకుంటున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.