చిన్న కాలేజీ రోయింగ్ జట్టు: దాతల డబ్బుతో కొత్త ఎయిట్ (ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ) కొనాలా, అసిస్టెంట్ కోచ్‌కు ఇవ్వాలా?

లెక్కలపద్దు:
అమెరికాలో ఓ చిన్న డివిజన్ 3 (కాలేజీ క్రీడల మూడో శ్రేణి) కాలేజీ మహిళల జట్టు పద్దులు చూస్తున్నాను. కాక్స్‌లతో (పడవను తిప్పుతూ లయ చెప్పేవాళ్లు) కలిపి 19 మంది. ఒక హెడ్ కోచ్, ఒక పార్ట్‌టైమ్ అసిస్టెంట్. వసంతంలో రెండు ఎయిట్‌లు దింపాల్సిందేనని కోచ్ పట్టు. పూర్వ విద్యార్థులేమో కొత్త ఎయిట్ కొని తమ బ్యాచ్ పేరు రాయించమంటున్నారు. ఆ డబ్బు కోచింగ్‌కు మళ్లిస్తే నయమా?

బోసీటు:
ముందు తలలు లెక్కపెట్టండి. రెండు ఎయిట్‌లకు 16 మంది రోయర్లు, ఇద్దరు కాక్స్‌లు. అంటే మీకు మిగిలేది ఒక్కరు. ఒకరికి పక్కటెముక పట్టేసి, ఇంకొకరికి ల్యాబ్ క్లాసు అడ్డొస్తే రెండో పడవ రాక్ (పడవలు పెట్టే అర) దిగదు. ఆ మిగిలిన ఒక్కరూ పోర్ట్ (పడవ ఎడమవైపు తెడ్డు) అయి, ఖాళీ స్టార్‌బోర్డ్‌లో (కుడివైపు) ఉంటే అదీ దండగే. కనీసం ముగ్గురికి రెండు వైపులా లాగడం నేర్పించండి. మూడో కాక్స్‌ను ఇప్పుడే వెతకండి. కాక్స్ రాకపోతే ఎనిమిది మందీ ఆ రోజు ఎర్గ్ (రోయింగ్ వ్యాయామ యంత్రం) మీదే. చలికాలంలో కొత్తవాళ్లు జారుకుంటారు కాబట్టి సెప్టెంబరులో 24 మందికి తగ్గకుండా మొదలుపెట్టాలి. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే డివిజన్ 3 ఛాంపియన్‌షిప్‌కు రెండు ఎయిట్‌లూ కావాలన్నది నిజమే. కానీ ఈ ఏడాదికి ఒక ఎయిట్, ఒక కాక్స్‌డ్ ఫోర్ (నలుగురు రోయర్లు, ఒక కాక్స్) దింపితే 14 మందితో సరిపోతుంది, ఐదుగురు చేతిలో ఉంటారు.

ఖజానా:
ఒక్కసారి వచ్చే విరాళంతో జీతం మొదలుపెట్టకండి, రెండో ఏడాది ఎవరిస్తారు? జీతం కాలేజీనే అడగాలి. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. కాబట్టి రోయింగ్ కోసమే చేరిన ప్రతి అమ్మాయీ కాలేజీకి ఆదాయమే. ఆర్థిక సాయం పోగా మిగిలే ట్యూషన్‌ను అలా చేరినవాళ్ల సంఖ్యతో గుణించి చూపించండి. ఎలాగూ చేరేవాళ్లను ముందే తీసేయండి, లేదంటే ఫైనాన్స్ వాళ్లు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. మీలాంటి కాలేజీల జట్ల సంఖ్యలు, ఖర్చులు ఈఏడీఏ (కాలేజీలు క్రీడల లెక్కలు వెల్లడించాలన్న అమెరికా చట్టం) నివేదికల్లో అందరికీ అందుబాటులో ఉన్నాయి, పక్కన పెట్టి పోల్చండి.
అసిస్టెంట్ అవసరం పతకాల కోసం కాదు. రెండు పడవలు విడివిడిగా వెళితే రెండు లాంచ్‌లు (పక్కనే వెళ్లే కోచ్ మోటారు పడవలు), ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. నీళ్లు 50 డిగ్రీల ఫారన్‌హీట్ (10 సెల్సియస్) లోపు ఉంటే లాంచ్ పక్కన లేకుండా పంపడం ప్రాణాలతో చెలగాటం. ఒక్కో లాంచ్‌లో తొమ్మిది లైఫ్ జాకెట్లు ఉండాలి.

లెక్కలపద్దు:
బాగా చెప్పారండి. ఒక సెకండ్‌హ్యాండ్ ఎయిట్ బేరానికి వచ్చింది. తళతళలాడుతోంది, ధర కొత్తదాంట్లో మూడో వంతు. కానీ సగటున 85 కిలోల మగవాళ్ల కోసం కట్టిందట. మావాళ్ల సగటు 66.

రిగ్గర్‌రెంచ్:
వదిలేయండి. తేలికవాళ్లు ఎక్కితే ఆ పడవ నీళ్లపైన ఎత్తుగా తేలుతుంది. రిగ్గర్లు (తెడ్లను పట్టి ఉంచే పక్క చట్రాలు) ఎంత దించినా చేతులు పైకే ఉంటాయి, బ్లేడు సరిగా మునగదు, పక్కగాలికి పడవ తోసుకుపోతుంది. వెయిట్ క్లాస్ సరిపోయే ఇంకోటి చూడండి. కొనేముందు రిగ్గర్లు బిగించే చోట పగుళ్లు వెతకండి, డెక్‌ను వేళ్లతో తట్టండి. బోలుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టే. స్కెగ్ (అడుగున ఉండే చిన్న రెక్క) వదులుగా ఉందా, సీటు ట్రాకులు గుంటలు పడ్డాయా చూడండి. బోబాల్ (ముందు కొనన ఉండే రబ్బరు బంతి) లేకపోయినా, హీల్ టైలు (బూట్ల మడమ తాళ్లు) తెగినా కొనడానికి భయం లేదు, అవి మార్పించుకోవాలి, చిల్లర ఖర్చే. మిగిలిన డబ్బుతో ఓ కాక్స్ బాక్స్ (కాక్స్ గొంతు పడవంతా వినిపించే మైకు పెట్టె) కొనండి. పాతదాని బ్యాటరీ సరిగ్గా స్టార్ట్ లైన్ దగ్గరే చచ్చిపోతుంది.
పూర్వ విద్యార్థుల పేరంటారా, పాత పడవ మీదా స్టిక్కర్ అతుకుతుందండీ.