ఆదాయం లేని రగ్బీ సంఘం ముందు టోర్నీ పెట్టాలా, బడుల్లోకి వెళ్లాలా? (విశాఖ)

బీచ్‌రోడ్_సెవెన్స్
2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఈ ఊపు చల్లారకముందే విశాఖలో ఓ పెద్ద అంతర్ జిల్లా సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) టోర్నీ పెట్టాలని నా వాదన. జనం చూస్తేనే స్పాన్సర్లు వస్తారు, స్పాన్సర్లు వస్తేనే సంఘం నిలబడుతుంది. బడుల్లో పని తర్వాతైనా చేసుకోవచ్చు. మీరేమంటారు?

పద్దులు_చూసేవాడు
లెక్క వేసి చూద్దాం అన్నా. పన్నెండు జట్లు, జట్టుకు 12 మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజర్. మొత్తం 168 మంది. మూడు రోజులకు భోజనం, బస తలకు రోజుకు 500 అనుకున్నా 2,52,000 అవుతుంది. జట్టుకు 5,000 చొప్పున ప్రవేశ రుసుము పెడితే వచ్చేది 60,000. మైదానం అద్దె, అంబులెన్స్, రిఫరీల ఖర్చు ఇంకా కలపనే లేదు. మిగతాదంతా చేతి చమురే. టోర్నీ అయ్యాక సంఘం దగ్గర ఏం మిగులుతుంది? ఫొటోలు, అప్పు.

న్యూజిలాండ్‌లో ఒటాగో ప్రాంతపు రగ్బీ సంఘం, ఒటాగో యూనియన్ సంగతి చూడండి. కారిస్‌బ్రూక్ మైదానాన్ని 2009లో డునెడిన్ నగర పాలక సంస్థకు అమ్మేసినా, 2012 నాటికి సుమారు 23.5 లక్షల డాలర్ల అప్పుతో మూతపడే దశకు వచ్చింది. ఆస్తి అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది. నగర పాలక సంస్థ తనకు రావాల్సిన సుమారు 4.8 లక్షల డాలర్లు మాఫీ చేసింది, జాతీయ యూనియన్ అండగా నిలిచింది, అలా బతికి బయటపడింది. మనకు మాఫీ చేసేవాళ్లెవరు?

బీచ్‌రోడ్_సెవెన్స్
అదే ఒటాగో 2013లో వైకటోను ఓడించి, అక్కడి ప్రాంతీయ జట్లు పోటీపడే రాన్‌ఫుర్లీ షీల్డ్ గెలిచింది కదండీ. 1957 తర్వాత అదే మొదటిసారి. సీనియర్ జట్టు గెలిస్తేనే ఊరు కదులుతుందనడానికి అంతకంటే ఏం కావాలి?

పద్దులు_చూసేవాడు
ఆ షీల్డ్ పది రోజులు తిరక్కుండానే హాక్స్ బే జట్టు చేతికి పోయింది. సంఘం మాత్రం మూతపడలేదు. అది బతికింది గెలుపు వల్ల కాదు, గెలుపుకు ముందే లెక్కలు సరిచేసుకోవడం వల్ల.

పీఈటీ_మధురవాడ
నా ఓటు బడులకే. పది బడులు ఎంచుకోండి. బడికి 4వ సైజు బంతులు ఐదు (10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అదే సైజు), నడుముకు కట్టే ట్యాగ్ బెల్టులు ఇరవై (ట్యాగ్ అంటే ఎదుటివాణ్ణి పడేయకుండా, నడుముకు వేలాడే ముక్కను లాగి ఆపే ఆట). బంతి 800, బెల్టు 150 లెక్కన మొత్తం 70,000. బెల్టులు దొరక్కపోతే చీర అంచు గుడ్డను మూరెడు ముక్కలుగా కోసి నిక్కరు పక్కల దోపినా ఆట నడుస్తుంది. రగ్బీ గోల్ స్తంభాలు కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఫుట్‌బాల్ గోల్ ఉంది కదా, దాంతో కిక్కులు కూడా నేర్పేద్దాం అనుకోకండి. దాని వెడల్పు 7.32 మీటర్లు, రగ్బీలో స్తంభాల మధ్య దూరం 5.6 మీటర్లే. అడ్డకర్ర ఎత్తు అక్కడ 2.44, ఇక్కడ 3. పిల్లాడి అంచనా మొదట్లోనే తప్పిపోతుంది.

మన దగ్గర కబడ్డీ పిల్లలకు కొదవ లేదు, వాళ్లనే తీసుకుంటే చాలు అని చాలామంది అంటారు. నిజమే గానీ వాళ్లకు రెండు అలవాట్లు మాన్పించాలి. కబడ్డీలో చీలమండ పట్టుకోవడానికి తలను ముందుకు వేసి దూకుతారు. రగ్బీలో అవతలివాడు బంతితో పరుగున వస్తుంటాడు. తల వాడి మోకాళ్ల ముందు పడిందంటే దెబ్బ నేరుగా తలకే. చెంప వాడి తొడకు పక్కగా, వెనకవైపు ఆనాలి, ముందు తగలాల్సింది భుజం. రెండోది, కబడ్డీలో పట్టు వదలకపోవడమే గొప్ప. ఇక్కడ కింద పడేశాక వెంటనే వదలాలి, లేకపోతే పెనాల్టీ. అందుకే మొదటి మూడు నెలలు ట్యాగ్ మాత్రమే ఆడించాలి. ఆ తర్వాత ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) నేర్పాలి. మన మైదానాల ఎర్రమట్టి వేసవిలో రాయిలా గట్టిపడుతుంది, దాని మీద మొదటి టాకిల్ నేర్పితే రెండోరోజు పిల్లాడు రాడు.

రిఫరీ_గాజువాక
పీఈటీ గారు చెప్పింది సరే, కానీ మ్యాచే లేకపోతే పిల్లలు ఎన్నాళ్లు ఉంటారు? పదో తరగతి దాటాక తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే, సర్టిఫికెట్ వస్తుందా, కోటాలో సీటు వస్తుందా అని. బీహార్ అంతర్జాతీయ పతకాలు తెచ్చినవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాలిస్తోంది. 2025 ఆగస్టులో రాజ్‌గీర్‌లో ఆసియా అండర్-20 సెవెన్స్ కూడా జరిపింది. అక్కడి పల్లెల అమ్మాయిలు ఈ ఆటలోకి రావడానికి కారణం ఆ ఉద్యోగాలే. బడుల దగ్గరే ఆగిపోతే మనది ఆరంభ శూరత్వమే.

మధ్యేమార్గం ఒకటుంది, రాత్రి బస లేని ఒక్కపూట పోటీ. విశాఖ, అనకాపల్లి, విజయనగరం జట్లు ఎనిమిది, నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు. గ్రూపు మ్యాచ్‌లు 12, సెమీస్ 2, ఫైనల్ 1. సెవెన్స్ మ్యాచ్ ఏడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాలు విరామం. మ్యాచ్‌కు 20 నిమిషాలు కేటాయిస్తే ఒక్క మైదానంలో ఐదు గంటల్లో అయిపోతుంది. ఉదయం ఆరింటికి మొదలుపెడితే పదకొండుకు ముగుస్తుంది. గీతలకు ముగ్గుపిండి వాడండి, సున్నం వద్దు. టాకిల్‌లో మొహం నేలకు తగిలినప్పుడు కళ్లలో పడుతుంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ ఆటగాడు ఆ రోజుకి బయటే, ఫైనలైనా సరే.

బీచ్‌రోడ్_సెవెన్స్
ఒక్కపూట పోటీకి స్పాన్సర్ ఎవరొస్తారండీ? పరవాడ ఫార్మా కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన సొమ్ము) అడిగితే పోదా?

పద్దులు_చూసేవాడు
సీఎస్ఆర్ వేరు, స్పాన్సర్‌షిప్ వేరు. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఇవ్వడం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది, సెవెన్స్ 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. అక్కడివరకు బాగానే ఉంది. కానీ ప్రచారం కోసం జెర్సీ మీద లోగో వేయించుకుంటే అది సీఎస్ఆర్ కింద చెల్లదు. పైగా సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వేయాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. మీరంటున్న పెద్ద టోర్నీ ఒక్కసారి పెడితే మూడేళ్ల రికార్డు రాదు. పది బడుల్లో మూడేళ్లు హాజరు పట్టీలు, బిల్లులు దాచుకుంటే వస్తుంది. ఆ డబ్బుకు వేరే ఖాతా తెరవండి. శిక్షణకని వచ్చినదాన్ని రైలు టికెట్లకు సర్దితే వినియోగ పత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) ఇచ్చే రోజున దొరికిపోతారు. చాలా సంఘాలు చితికిపోయేది అక్కడే.

బీచ్‌రోడ్_సెవెన్స్
మూడేళ్ల రికార్డు సంగతి ఒప్పుకుంటాను. ఒక్కపూట పోటీకీ సరే. కానీ శ్రీకాకుళం, పార్వతీపురం జట్లను బస లేదని వదిలేయడం నాకు నచ్చలేదు. కబడ్డీ పిల్లలు ఎక్కువగా దొరికేది అటువైపే.

రిఫరీ_గాజువాక
అయితే ఒక పోటీ విశాఖలో, తర్వాతిది శ్రీకాకుళంలో పెట్టండి. తేదీలు మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, ఏప్రిల్‌కల్లా ఎనిమిది దాటితే ఉక్కపోత.