అప్‌డేట్: 1770ల నాటి ఇంగ్లండు పనిమనిషి దుస్తులు

1770లలో ఇంగ్లండులో ఇంటిపని చేసుకునే స్త్రీ రోజూ వేసుకున్న బట్టలు కుట్టాలి, ఏ గుడ్డ వాడాలి, జేబు ఎక్కడ పెట్టాలి అని అడిగాను. స్టేస్ (ఛాతీనీ నడుమునూ బిగించి పట్టే గట్టి లోదుస్తు) తప్ప అన్నీ పూర్తయ్యాయి. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

లోపల ఒంటికి ఆనేలా వేసుకునే వదులు చొక్కాలాంటి షిఫ్టుకు లినెన్ వాడాను. చంక కింద చతురస్రపు ముక్క అతకమన్న మాట అమూల్యం. చేయి పైకెత్తినా కుట్టు పట్టేయడం లేదు.

జేబు మాత్రం అద్భుతం. అది లంగాకు కుట్టినది కాదు, నాడాతో నడుముకు కట్టుకునే విడి సంచి. లంగాకు ముందొక జత, వెనకొక జత నాడాలు, రెండు పక్కలా చీలికలు. చీలికలోంచి చేయి నేరుగా సంచిలోకి వెళుతుంది. కడుపుతో ఉన్నప్పుడూ అదే లంగా వదులు చేసి కట్టుకోవచ్చు! పైన వేసుకునే బెడ్‌గౌనుకు (పేరు అలా ఉన్నా, పగలు పనిలో వేసుకునే వదులైన పై చొక్కా) బొత్తాలు లేవు, గుండుసూదులే.

మన కోరమండల్ తీరపు అద్దకం గుడ్డ వాడమని ఒకరు సూచించారు. నాకూ ఇష్టమే. కానీ 1721 చట్టం అద్దకం నూలు బట్టల వాడకాన్ని బ్రిటన్‌లో నిషేధించింది. 1774లో సడలింపు దక్కింది అక్కడ తయారైన వాటికే. అందుకే లంగాకు ముతక ఉన్ని ఎంచుకున్నాను.

పేద స్త్రీలు తోలు స్టేస్ కూడా వేసుకునేవారు. దళసరిగా ఉన్నా వంగే తోలు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.